వల పడని నీళ్ళు

ఆదివారం పొద్దున, తడకు తూర్పున పులికాట్ సరస్సులో ఒక పడవ. గడ పట్టుకుని నడిమికుప్పం జాలర్ల ఊరిపెద్ద, పెద్దకాపు ధనంజయ, ఎదురుగా గాలం కట్టెతో తిరుపతి నుంచి వచ్చిన హేమచంద్ర.

"గాలం ఏసి అరగంటైంది సారూ. ఎర కట్టినారా, లేదా?"

"కట్టినానే."

"యాడ కట్టినారు? రొయ్య ఇంకా డబ్బాలోనే ఉండాది. ఉత్త కొక్కెం ఏసుకోని కూసున్నారు."

"మర్చిపోయినట్టున్నాను. ఇటివ్వన్నా, కడతాను."

"మూడేండ్లుగా వస్తా ఉండారు, ఎర మర్చిపోయింది ఇదే మొదలు. ఇంట్లో ఏమన్నా మాటామాటా వచ్చినాదా?"

"అదేం లేదులే."

"ఫోను కూడా మూడు తూర్లు మోగింది. ఎత్తలా."

"ఆఫీసుది. ఆదివారం కూడా వదలరు."

"ఆదివారం ఆఫీసుకు దొరక్కుండా ఉండేదానికే గదా మీరు మా కాడికొచ్చేది. సరే, నేను ఒక మాట అడగాలని రెండు దినాలుగా అనుకుంటా ఉండా. అడగనా?"

"అడుగు."

"రేపు పదిగంటలకి మండలాఫీసు కాడ మీటింగు పెట్టినారు. జెట్టీ గురించి. జెట్టీ, తేలే బంగళాలు, నీళ్ళమింద తిరిగే స్కూటర్లు, అయ్యన్నీ వస్తాయంట. ఊరోళ్ళు ఏమనుకుంటారో చెప్పాలంట. మేము చెప్తే ఎవురింటారు? మీరు రావాల."

"నేనా?"

"మీరే. మీ గాలాల క్లబ్బులో ఇంకో నలుగుర్ని పిల్చుకోని రండి. డాక్టరు ఒకాయన ఉండాడే, అలిపిరి కాడ ఇల్లు, ఆయన్ని కూడా. 'ఈడ నీళ్ళు లోతు చేస్తే చేప ఉండదు, చేప లేకపోతే మేము రాము, మేము రాకపోతే ఈ ఊర్లో పద్నాలుగు పడవలకి ఆదివారం బాడిగ లేదు' అని ఒక్క మాట చెప్తే చాలు."

"రేపు సోమవారం కదన్నా."

"సోమవారమే."

"ఆఫీసుంది."

"ఒక్క దినం సెలవు పెట్టుకోలేరా?"

"చూస్తాను."

"సూస్తాననే మాట మా ఎమ్మార్వో కూడా అన్నాడు సారూ. మీరు వస్తానని చెప్పండి."

"చూద్దాంలే అన్నా. పడవ కొంచెం అటు తిప్పు. ఎండ కళ్ళలో పడతా ఉంది."

"తిప్పితే పిల్లమడుగు పక్క పోతాది. ఆ పక్క మీకు గాలం ఎయ్యనియ్యను."

"తెలుసు. మూడేండ్లుగా ఇదే మాట."

"మొదట్లో మిమ్మల్ని సూసి ఎంత నవ్వుకున్నామో తెల్సా? చేపను పట్టేది, ఫోటో తీసుకునేది, మళ్ళీ నీళ్ళలో ఇడిసేది. మా ఆడోళ్ళు రేవులో నిలబడి కడుపు పట్టుకోని నవ్వినారు. తిరపతి నుంచి ఇంత దూరం వచ్చి, చేపకి బుద్ధి చెప్పి ఇడిసిపెట్టేదానికా అని."

"ఇప్పుడు నవ్వరా?"

"ఇప్పుడెందుకు నవ్వతారు? వల ఏసేదానికి పోకుండానే కూలి వస్తా ఉండాది. పండుగప్ప ఒకటి మార్కెట్టుకి పోతే ఒక్కసారే డబ్బు. మీకు గాలానికి తగిలి మళ్ళీ నీళ్ళలో పడితే వారం వారం డబ్బు. ఆ లెక్క మా ఇంటిది వరలక్ష్మమ్మకి నాకంటే ముందే తెలిసింది."

"ఆ ఎర్ర జెండాలు... పోయిన ఆదివారం లేవు."

"అవా. నిన్న పెట్టి పోయినారు."

"ఎవరు?"

"నలుగురు. సొంత పడవ ఏసుకోని వచ్చినారు. మా ఊర్లో ఎవుర్నీ అడగలా. పదహారు జెండాలు, పిల్లమడుగు సుట్టూ. మా కొయ్యలకి జానెడు దూరంలో. మా కొయ్యల్ని పీకుతారేమో అనుకోని మా ఊరి మునిప్రసాదు పది మందిని పిల్చుకోని ఆడికి పోయినాడు. పీకలా. ఒకాయన నవ్వతా అన్నాడంట, 'మీరు ముందే కొలిచి పెట్టినారు, మాకు పని తగ్గింది' అని."

"ఆ కొయ్యలనే హద్దుగా తీసుకున్నారా?"

"ఆ. మా తాతలు పాతిన కొయ్యలు సారూ. పాడైపోయినప్పుడల్లా మార్చుకుంటా వచ్చినాము. అమావాస్యకి అమావాస్యకి యాపమండ కడతాము. ఆ మండ కనపడితే ఎంత ఆకలైనా వల పడదు. మోకాలెత్తు నీళ్ళు, వెచ్చగా ఉంటాది, అడుగున పాచి. సముద్రం నుంచి వచ్చిన పిల్ల చేప ఆడే పెరగతాది. వేలంతై, చెయ్యంతై, అప్పుడు బయటికొస్తాది. బయటికొచ్చినాక మాది, మీది. లోపలున్నంత కాలం ఎవురిదీ కాదు."

"ఒక్క వల కూడా పడదా?"

"ఏండ్లుగా పడలా. అదేగదా రేపు మీరు చెప్పాల్సింది. ఇట్టాంటి కట్టుబాటు ఇంకే ఊర్లో ఉండాదో సూపించమని అడగండి."

"ధనంజయన్నా, రేపు ఆ మాట మాత్రం చెప్పొద్దు."

"ఏ మాట?"

"వల పడదు అనే మాట."

"ఎందుకు చెప్పకూడదు? అదే మా గొప్ప."

"చెప్పొద్దంటున్నా కదా."

"మీరు ఈ పొద్దు ఏందో ఒక రకంగా ఉండారు. ఎర కట్టలా. ఫోను ఎత్తలా. ఇప్పుడు ఈ మాట. ఏం జరిగింది సారూ?"

"ఏం జరగలా."

"జరిగింది. నా కళ్ళలోకి సూసి చెప్పండి."

"సర్వే అయిపోయిందన్నా. రిపోర్టు కూడా తయారైంది. రేపటి మీటింగు పేరుకే. బుధవారం మిషన్లు దిగతాయి."

"రిపోర్టులో ఏముందో మీకెట్టా తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎట్టా తెలుసు?"

"మా ఆఫీసులోనే తయారైంది."

"మీ ఆఫీసులో."

"నేను రాయలేదు. నాది ఆ సెక్షన్ కాదు."

"మూడేండ్లుగా నా పడవలో కూసుంటా ఉండారు. మీ ఆఫీసులో ఏం పని చేస్తారని నేను అడగలా. కాగితాల పని అన్నారు, సరే అనుకున్నా."

"కాగితాల పనే అన్నా. తెలుగులో వచ్చిన కాగితాల్ని ఇంగ్లీషులోకి మారుస్తాను. అంతే నా పని."

"రిపోర్టులో ఏముండాది?"

"ఈ జెట్టీ వల్ల ఎవరి జీవనానికీ నష్టం లేదు అని ఉంది."

"పద్నాలుగు పడవలు, నూటయిరవై ఇండ్లు. నష్టం లేదా?"

"జెట్టీకి తవ్వేది పిల్లమడుగులోనే అన్నా. మిగతా సరస్సు జోలికి పోవడం లేదంట. ఏడాది పాటు డ్రోనుతో ఫోటోలు తీసినారు. ఒక్క ఫోటోలో కూడా మడుగులో వల లేదు, పడవ లేదు, మనిషి లేడు. ఎవరూ వాడని నీళ్ళు అని రాసినారు."

"వాడకుండా కాపాడినాము."

"ఆ కాగితంలో చేప పట్టే చోటుకి గడి ఉంది. చేప పెరిగే చోటుకి గడి లేదు."

"అయితే ఆ గడి పెట్టమని అడగతాము. ఫోటోలే గదా, ఫోటో మాట్లాడతాదా? మేము నోరు తెరిచి చెప్తాము."

"ఫోటోలే అయితే నేను ఇంత భయపడేవాణ్ణి కాదు. ఉత్తరం ఒకటి ఉంది."

"ఏ ఉత్తరం?"

"పోయిన ఏడాది నువ్వు చేపల ఆఫీసుకి రాసింది. గుర్తుందా?"

"గడ జారింది. ఉండండి, పట్టుకోనీ."

"ధనంజయన్నా, గుర్తుందా?"

"అది మా తమ్ముడి సంగతి. దానికీ జెట్టీకీ ఏం సంబంధం?"

"అందులో రెండు మాటలు రాసినావు. 'మా తాతల కాలం నుంచి పిల్లమడుగులో ఎవరూ వల వేయరు.' అది ఒకటి."

"నిజమే గదా."

"'ఆ నీళ్ళ మీద బతికే ఇల్లు మా ఊరిలో ఒక్కటి కూడా లేదు.' అది రెండోది. కింద నీ సంతకం. నూటయిరవై ఇండ్ల సంతకాలు, వేలిముద్రలు. రిపోర్టుకి వెనకాల కుట్టినారు. పెద్ద అక్షరాలతో."

"ఆ రెండో మాట... మోహన్ని ఇడిసిపెడతారేమోనని రాయించినాను. ఆ ఆఫీసరు మెత్తని మనిషి. కడుపు కోసం వల ఏసినాడు పోనీలే అని హెచ్చరించి పంపిస్తాడని, ఉత్తరం రాసిన రైటరు చెప్పినాడు. అట్టా కాకూడదని ఆ మాట పెట్టించినాను. ఆ నీళ్ళతో ఎవురికీ బతుకుతెరువు లేదు, కాబట్టి ఆకలికి చేసింది కాదు, దొంగతనమే అని."

"సొంత తమ్ముడి మీద."

"తమ్ముడైతే ఏంది? కట్టుబాటు కట్టుబాటే. నాయన పోయినాక వాణ్ణి పెంచింది నేనే. ఆ పొద్దు పడవ పట్టుకోని పోయినారు, ఊరు వాణ్ణి పక్కన పెట్టింది. అప్పటినుంచి కొయ్యల కాడికి ఒక్కడు కూడా రాలా."

"ఉత్తరం ఇంగ్లీషులో చక్కగా ఉందని మా సారు మెచ్చుకున్నాడు."

"ఇంగ్లీషులో మార్చింది..."

"నేనే."

"మీరే."

"కింద నీ పేరు చూసినాను. చూసి కూడా మార్చినాను. నా పని అదే అన్నా, చెయ్యకపోతే పక్క సీటోడు చేస్తాడు."

"ఎప్పుడు మార్చినారు?"

"దసరాకి ముందు."

"దసరా అయినాక ఎన్ని ఆదివారాలు వచ్చినారు సారూ? పదహైదా? ఇరవయ్యా? మా ఇంట్లో పీతల పులుసు తిన్నారు. మా వరలక్ష్మమ్మ మీకు వేరే గిన్నె పెట్టింది."

"చెప్పాలని వచ్చేవాణ్ణి. నీళ్ళమీదకి వచ్చినాక నోరు వచ్చేది కాదు."

"ఈడ నీళ్ళు నడుము దాకానే సారూ."

"ఏమంటున్నావు?"

"నీళ్ళు నడుము దాకానే, కిందుండే బురద మాత్రం మెడ దాకా. దిగినోడు సొంతంగా పైకి రాలేడు. పోయినేడు ఒక బర్రె దిగింది. ఊరంతా పట్టి లాగినా రాలా."

"నన్ను భయపెడతా ఉండావా?"

"లేదు. లోతు చెప్తా ఉండా. మీ వాళ్ళు దాన్ని కూడా కొలిచినారో లేదో అని."

"పడవ ఒడ్డుకి పట్టు అన్నా."

"పడతాను. తొందరేం లేదు. ఈ పొద్దు కొంగ కూడా దిగలా, సూసినారా? ఇట్టా ఎప్పుడూ లేదు."

"తిట్టాలనుకుంటే తిట్టు. కానీ నేను ఊరికే రాలేదు. ఒక దారి ఉంది."

"చెప్పండి."

"రేపు మీటింగుకి ముందు ఎనిమిదింటికి ఆఫీసర్లు పడవలో ఇక్కడికి వస్తారు. చూసిపోయేదానికి. ఆ టయానికి మడుగు నిండా మీ వలలు ఉండాలి. కొయ్యలు పీకెయ్యండి. ఊరంతా దిగండి, ఆడోళ్ళతో సహా. వాళ్ళ కళ్ళ ముందర చేపలు పట్టండి. నేను ఫోటోలు తీస్తాను."

"మడుగులోనా?"

"మడుగులోనే."

"లోపల వేలంత పిల్లలుండాయి సారూ. కోట్లు. వల ఈడిస్తే తొక్కిడికే సచ్చిపోతాయి. ఒక్క పూట వల పడితే మూడేండ్లు ఈ సరస్సులో పండుగప్ప ఉండదు."

"మిషను దిగితే ఎప్పటికీ ఉండదు."

"మిషను సంపితే మిషను సంపింది అంటాము. మా చేత్తో మేము సంపుకోని, అదిగో సూడండి, ఇది మా బతుకు అని చెప్పాలా? కాదు. నేను బతికుండగా ఆ పని జరగదు. ఇంకో దారి చెప్పండి."

"ఇంకోటి... ఒక్క మనిషి కావాలి."

"ఎట్టాంటి మనిషి?"

"'నేను ఆ నీళ్ళలో వేట చేస్తాను, అదే నాకు బతుకు' అని నిలబడి చెప్పే మనిషి. ఒక్కడు చెప్పినా రిపోర్టు తప్పవుతుంది. మళ్ళీ ఏడాది సర్వే చెయ్యాలి. ఏడాది దొరికితే కోర్టుకి పోవచ్చు, పేపర్లకి చెప్పొచ్చు."

"నేను చెప్తా."

"నువ్వు చెప్పలేవన్నా. నీ సంతకం ఉంది. నూటయిరవై ఇండ్లలో ఎవరు లేచినా వాళ్ళ సంతకం తీసి చూపిస్తారు. సంతకం పెట్టని మనిషి కావాలి. ఆ మడుగులో చేప పట్టినట్టు సర్కారు కాగితం ఉన్న మనిషి."

"అట్టాంటోడు యాడుండాడు?"

"ఒక్కడున్నాడు. వాడి పడవ పట్టుకున్నప్పుడు చేపల ఆఫీసు రాసిన కాగితం ఉంది కదా, పిల్లమడుగులో వేట చేస్తా ఉండగా అని."

"మోహన్."

"మోహనే."

"వాడు రాడు."

"అడిగినావా?"

"ఏడాదిగా మాట లేదు. సత్యవేడు కాడ ఏదో కంపెనీలో గేటు దగ్గర నిలబడతాడంట. నీళ్ళు తప్ప ఇంకోటి తెలీనోడు, టోపీ పెట్టుకోని గేటు తీస్తా ఉండాడంట."

"ఒక మాట అడగనా? వాడు వల వేస్తా ఉంటే నువ్వు చూసినావా?"

"వల దొరికింది. కొయ్యకి లోపల."

"వాడి వలేనా?"

"వల వలే సారూ. ఫోను మీది ఇస్తారా? నా నంబరు సూస్తే వాడు ఎత్తడు."

"తీసుకో. స్పీకర్లో పెట్టు, నీ చేతులు తడిగా ఉన్నాయి."

"హలో, ఎవురు?"

"నేనురా. మోహనా, ఇనపడతా ఉండాదా?"

"ఇనపడతా ఉండాది. ఎవురన్నా పోయినారా?"

"ఎవురూ పోలా. అందరూ బాగుండారు."

"వదినకి బాగుండాదా?"

"బాగుండాది. నువ్వు యాడుండావు?"

"గేటు కాడ. లారీలు వచ్చే టయిము. చెప్పు."

"రేపు పదిగంటలకి మండలాఫీసు కాడికి రావాల నువ్వు."

"ఎందుకు? ఇంకేమన్నా రాసినావా నా మింద?"

"లేదురా. పిల్లమడుగుని తవ్వతారంట. ఆపాలంటే నువ్వు ఒక మాట చెప్పాల."

"ఏమని?"

"నేను పిల్లమడుగులో వల ఏసినాను, ఎప్పుడూ ఏస్తా ఉంటాను, ఆ నీళ్ళే నాకు కూడు పెట్టేది అని. పడవ పట్టుకున్న కాగితం సూపించాల."

"అన్నా, నువ్వు తాగినావా?"

"లేదు."

"ఊరంతా కూసోనుంటే నేలమింద పడుకోని చెప్పినాను, నేను ఎయ్యలేదని. బిడ్డ తలమింద చెయ్యి పెట్టి చెప్పినాను. గుర్తుండాదా?"

"ఉండాది."

"నువ్వు నా పక్క సూడను కూడా సూడలా."

"ఉండాది రా, గుర్తుండాది."

"ఇప్పుడు ఏసినానని చెప్పమంటావా?"

"నా కోసం కాదు. మడుగు కోసం."

"అప్పుడు కూడా మడుగు కోసమే అన్నావు. చెప్పకపోతే?"

"బుధవారం మిషన్లు దిగతాయి."

"పిల్లలు ఎట్టుండాయి ఈ ఏడు?"

"బాగుండాయి. పండుగప్ప పిల్లలు గుంపులు గుంపులుగా తిరగతా ఉండాయి. నీళ్ళు నల్లగా కనపడతా ఉండాయి. ఇట్టాంటి ఏడు నేను సూడలా."

"కొయ్యలకి మండ కట్టినారా పోయిన అమావాస్యకి?"

"కట్టినాము."

"తూర్పు పక్క మూల కొయ్య వదులైపోయింది. అప్పట్లోనే మారుద్దామనుకున్నా."

"నేను మార్చినానులే."

"ఒక నిముషం ఉండు, లారీ వచ్చింది... ఆ, పోనీ, పోనీ... ఆ, చెప్పు."

"వస్తావా?"

"వస్తాలే అన్నా."

"ఏందీ?"

"వస్తా. ఏసినానని చెప్తా. దొంగని అని ఊరంతా అననే అంటా ఉండాది, ఆ ఆఫీసోళ్ళు కూడా రాసుకోనీ. నా పెండ్లాం భారతమ్మకి ఏం చెప్పుకోవాలో మాత్రం తెలీదు. నన్ను నమ్మింది అదొక్కతే."

"మోహనా..."

"నాకు ఒక్కటి చెప్పు. ఊరి ముందర వద్దు, ఆఫీసోళ్ళ ముందర వద్దు. ఇప్పుడు, నాకు మాత్రం. ఆ పొద్దు నువ్వు పొరపాటు పడినావని చెప్పు. వలని సూసినావు, నాదనుకున్నావు. కోపంలో ఉండావు. మనిషి అన్నాక పొరపాటు పడతాడు. ఆ ఒక్క మాట నీ నోటినుంచి ఇంటే చాలు, రేపు తొమ్మిదికే ఆడుంటా. అన్నా, ఉండావా?"

"చెప్పు ధనంజయన్నా. వాడు అడిగేది ఒక్క మాటే కదా. పొరపాటు అని చెప్పు, మడుగు నిలబడుతుంది."

"ఎవురది పక్కన?"

"ఎవురోలే రా. తిరపతి సారు."

"చెప్పన్నా. పొరపాటే గదా?"

"పొరపాటు కాదురా. ఆ వల మునిప్రసాదుది. వాడి పక్క సగం ఊరు ఉండాది, ఆ ఏడు వేట లేక అందరూ ఆకలిమింద ఉండారు, వాడి పేరు ఎత్తితే ఆ పొద్దే కొయ్యలు పీకేసేవాళ్ళు. సొంత తమ్ముణ్ణే ఇడవలేదంటే ఇంకెవురూ మడుగు జోలికి రారని నేరం నీ మింద పెట్టినాను. నువ్వు ఎయ్యలేదని నాకు ఆ పొద్దే తెలుసు."